నిన్న కూడా ఏమీ జరగలేదు

నేను చెన్నై దగ్గర కల్పాక్కంలో, అణు రియాక్టర్లున్న చోట పనిచేస్తాను. అక్కడేం చేస్తావని ఎవరైనా అడిగితే "ఏమీ జరగకుండా చూస్తాను" అంటాను. మా ఊళ్ళో దీనికి జవాబు రెడీగా ఉంటుంది: "ఇదీ ఓ పనేనా, ఏ ఆఫీసుకెళ్ళినా అందరూ చేసేది అదేగా!" నిజమే, కాదనను. కానీ మిగతా ఆఫీసుల్లో ఏమీ జరగకపోవడం దానంతటదే జరిగిపోతుంది, మా దగ్గర దానికి పరిశోధన కావాలి.

అణుశక్తి మీద ఓ కన్నేసి ఉంచడానికి 1983లో ఏఈఆర్‌బీ అని ఒక బోర్డు పెట్టారు. ఆ బోర్డు 1999లో కల్పాక్కంలోనే ఒక భద్రతా పరిశోధన సంస్థ కూడా పెట్టింది. పక్కనే ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, ఆ పక్కన కరెంటు తీసే రియాక్టర్లు, ఆ పక్కన బంగాళాఖాతం. ఇంతమంది శాస్త్రవేత్తలు ఇన్నేళ్ళుగా కష్టపడుతుంటే మన పేపర్లు ఏం రాశాయి? రైలు పట్టాలు తప్పితే మొదటి పేజీలో వేస్తారు, తప్పకుండా వెళ్ళిన రైలుకి ఒక్క లైను రాయరు. అందుకని నాదో డిమాండ్. రోజూ బంగారం ధర పక్కన చిన్న బాక్సు కట్టి "కల్పాక్కం: నిన్న కూడా ఏమీ జరగలేదు" అని వెయ్యాలి. ధర లాగా ఇది మారదు కాబట్టి సబ్ ఎడిటర్‌కి కూడా శ్రమ ఉండదు.

ఏమీ జరగకుండా ఉండాలంటే ముందు అన్నీ జరిపి చూడాలి. ఉదాహరణకి సోడియం. వేగంగా వెళ్ళే న్యూట్రాన్లతో నడిచే ఫాస్ట్ రియాక్టర్‌ని చల్లబరిచేది నీళ్ళు కాదు, కరిగిన సోడియం. మా దగ్గరున్న 500 మెగావాట్ల ఫాస్ట్ రియాక్టర్ పీఎఫ్‌బీఆర్‌లో అది సుమారు 1,750 టన్నులు. గాలి తగిలితే అంటుకునే రకం, నీళ్ళు పోస్తే ఇంకా రెచ్చిపోయే రకం, మా వంశంలో ఒకరిద్దరున్నారు అలాంటివాళ్ళు. కాబట్టి దాన్ని మేమే ఒక గదిలో కావాలని తగలబెట్టి, కెమెరాలు పెట్టి చూస్తాం. సినిమాలో లాగా మంట పైకప్పు దాకా లేస్తుందనుకునేరు. తడిసిన చిచ్చుబుడ్డిలా పసుపు రంగులో నేల మీదే పాకుతుంది, తెల్లటి పొగ మాత్రం నిమిషాల్లో గదంతా కమ్మేసి, ఎదురుగా పెట్టిన బల్బు కూడా కనిపించదు. ఆర్పడానికి పొడి చల్లాలి. బకెట్టుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు ఉంటే ముందు వాణ్ణి ఆపాలి.

మొన్న సంక్రాంతి తర్వాత భీమిలి నుంచి మావయ్య, అత్తయ్య వచ్చారు. మహాబలిపురం పక్కనే కదా, శిల్పాలూ చూసినట్టుంటుంది, అల్లుడి బాంబూ చూసినట్టుంటుందని. బాంబు కాదు అత్తయ్యా, అది ప్రమాదం రాకుండా చూసే చోటు అని చెప్పాను. "మరి ప్రమాదం లేకపోతే అదెందుకు?" అంది. దీనికి జవాబు నా దగ్గర లేదు. లోపలికి చుట్టాలని తీసుకెళ్ళే వీల్లేదు కాబట్టి దూరం నుంచి గుమ్మటాలు చూపించాను. అత్తయ్య చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

వచ్చిన రోజు నుంచీ ఆవిడకి రేడియేషన్ టెన్షన్. కుళాయి నీళ్ళు తాగదు, కిటికీ తెరవనివ్వదు. నేను మెల్లగా చెప్పాను: భీమిలి ఇసకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంది, నువ్వు పుట్టినప్పటి నుంచీ ఆ ఇసకలోనే ఆడుకున్నావు. నువ్వు సంచీ నిండా తెచ్చిన చక్కెరకేళీల్లో కూడా పొటాషియం ఉంది, అందులోనూ కాస్త రేడియోధార్మికత ఉంటుంది. "మా ఊరి ఇసకని ఏటైనా అన్నావంటే ఊరుకోను అల్లుడూ" అంది. ఇంకో అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది.

మావయ్య వేరు. రిటైరైన లెక్కల మాస్టారు. నిదానంగా అడిగాడు, రియాక్టర్ ఆపేస్తే అయిపోయినట్టేగా అని. కాదు మావయ్యా, కట్టెల పొయ్యి ఆర్పాక కూడా ఆ నిప్పుల మీద పాలు పొంగుతాయి చూడు, అలాగే ఆపిన వెంటనే కూడా ఆరేడు శాతం వేడి వస్తూనే ఉంటుంది, దాన్ని తీసెయ్యకపోతే కొంప మునుగుతుంది, 2011లో ఫుకుషిమాలో సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగిపోయి జరిగింది అదే అన్నాను. అందుకని పీఎఫ్‌బీఆర్‌లో కరెంటు లేకపోయినా వేడి దానంతటదే గాలిలోకి పోయేలా నాలుగు దారులు పెట్టారు. రియాక్టర్‌ని ఆపడానికి తొమ్మిది కడ్డీలు ఒక రకం, అవి దిగకపోతే వేరే పద్ధతిలో దిగే మూడు ఇంకో రకం. ఒకే లోపం రెంటినీ దెబ్బతియ్యకూడదని అలా వేర్వేరుగా పెడతారు. మా భాషలో దీన్ని డైవర్సిటీ అంటారు. ఇంతా చేసి కొత్త రియాక్టర్ ఒక్కోదానిలో కోర్, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, దెబ్బతినే అవకాశం లక్షేళ్ళలో ఒకసారి కంటే తక్కువ ఉండాలన్నది లక్ష్యమని గర్వంగా ముగించాను.

మావయ్య కాసేపు ఆలోచించి, "ఆ ఒక్కసారి వచ్చే మంగళవారం రాకూడదని లెక్కలో ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్నింత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆయన హెల్మెట్ లేకుండా నా బండెనక కూర్చుని మహాబలిపురం వచ్చాడు. లక్షేళ్ళ లెక్క ఈసీఆర్ రోడ్డుకి వర్తించదు, అది వేరే సిలబస్.

మహాబలిపురంలో సముద్రం చూస్తుంటే 2004 సునామీ గుర్తొచ్చింది. నేనప్పటికి ఉద్యోగంలో చేరలేదు, సీనియర్లు చెప్పగా విన్నదే. డిసెంబర్ 26న అల లోపలికొచ్చి పంపుహౌస్‌లో నీటిమట్టం పెరిగింది, నడుస్తున్న రియాక్టర్‌ని సురక్షితంగా ఆపేశారు, పీఎఫ్‌బీఆర్ కోసం తవ్విన గొయ్యి మాత్రం నీళ్ళతో నిండిపోయింది. రియాక్టర్‌కి ఏమీ కాలేదు. టౌన్‌షిప్‌లో మనుషులు పోయారు. అణువుని చూసి భయపడాలని అందరికీ తెలుసు, ఆదివారం పొద్దున్నే ఇంటి ముందున్న సముద్రాన్ని చూసి భయపడాలని ఎవరనుకుంటారు. మావయ్యకి ఇది చెప్పాక తిరుగు దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

వెళ్ళే ముందు రోజు రాత్రి అత్తయ్య నా ఫోన్‌లో ఫొటోలు తిప్పుతూ ఒకచోట ఆగింది. తెల్లకోటులో నేను, గుండె మీద బ్యాడ్జి. "ఇదేటి, తాయెత్తా?" అంది. టీఎల్‌డీ బ్యాడ్జి అత్తయ్యా, లోపల మూడు బిళ్ళలుంటాయి, నా ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో దాచిపెట్టుకుంటాయి, గడువు రాగానే తీసుకెళ్ళి వేడిచేస్తే ఆ బిళ్ళలు మెరుస్తాయి, ఆ మెరుపుని బట్టి లెక్క కడతారు, ఇంటికి కూడా తీసుకురాకూడదు, గేటు లోపలే పెట్టి రావాలి అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా అంతా విని, "అంటే కాపాడదన్నమాట" అంది.

కాపాడదు. చిత్రగుప్తుడి లాగా చిట్టా రాస్తుందంతే.

పొద్దున్న బస్సెక్కే ముందు చీర కొంగు ముడి విప్పి నల్లదారంతో కట్టిన అసలు తాయెత్తు ఒకటి తీసి నా జబ్బకి కట్టేసింది. వద్దనలేదు. ఒకటి లెక్క రాస్తుంది, ఇంకోటి కాపాడుతుంది, రెండూ వేర్వేరు సూత్రాల మీద పనిచేస్తాయి. మేం డైవర్సిటీ అనేది దీన్నే.

వాళ్ళు వెళ్ళి నెలవుతోంది. అత్తయ్య రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏటీ అవలేదు కదా?" అని అడుగుతుంది. లేదంటాను. "మరి కట్టింది ఎవరనుకున్నావు!" అంటుంది.