జనరల్ గారి గడియారం

థాయిలాండ్ మాజీ సైన్యాధిపతి, మాజీ ప్రధాని జనరల్ ప్రయుత్ చాన్ ఓచా గారు మాట తప్పారని చాలామంది ఆడిపోసుకుంటారు. ఇది అన్యాయం. ఆయన జనాన్ని అడిగింది కొంచెం టైమ్. ఎంత కొంచెం అని అప్పుడే నిలదీసి కాగితం మీద రాయించుకోకపోవడం జనం తప్పు.

బ్యాంకాక్ అంటే మనవాళ్లకు నాలుగు రాత్రులు, ఐదు పగళ్ల ప్యాకేజీ. జనరల్ గారి ప్యాకేజీ తొమ్మిదేళ్ల పైన నడిచింది.

మొదట్నుంచీ ఆయన పద్ధతైన మనిషి. 2014 మే 20న తెల్లవారుజామున మూడింటికి దేశమంతా మార్షల్ లా పెట్టారు. పొద్దున్నే లేచి కంగారుపడిన జనానికి, ఇది సైనిక తిరుగుబాటు కాదు అని ధైర్యం చెప్పారు. ఆ మాట మీద రెండు రోజులు గట్టిగా నిలబడ్డారు కూడా. 22న ప్రభుత్వం వాళ్లనూ, వాళ్లంటే పడనివాళ్లనూ రాజీ మాటలకని ఆర్మీ క్లబ్‌కు పిలిచారు. మీ ప్రభుత్వం రాజీనామా చేస్తుందా అని అడిగారు. చేయదన్నారు. అయితే ఈ క్షణం నుంచి అధికారం నాది అని చెప్పి, వచ్చిన అతిథులను సైన్యం కాపలాలో పెట్టారు. పెళ్లిచూపులకని పిలిచి అక్కడికక్కడే పుస్తె కట్టినట్టయింది. 1932 నుంచి లెక్కేస్తే ఆ దేశంలో ఫలించిన తిరుగుబాట్లలో అది పన్నెండోది. అంటే ఆనవాయితీ. ఆనవాయితీ పాటించినవాణ్ణి తప్పుపడతామా?

తర్వాత జనానికి ఆనందం పంచే పని మొదలైంది. వేళాకోళం కాదు, కార్యక్రమం పేరే ఆనందాన్ని తిరిగి ఇవ్వడం. బ్యాంకాక్ కూడళ్లలో సైన్యమే జాతర పెట్టి ఉచితంగా తిండి పెట్టింది, ఉచితంగా జుట్టు కత్తిరించింది. జనరల్ గారు స్వయంగా ఓ పాట కూడా రాశారు. మాట నిలబెట్టుకుంటాం, కొంచెం టైమ్ ఇవ్వండి అన్నది అందులో సారం. టీవీలో, రేడియోలో అదే పాట. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆయన ప్రసంగం అదనం. అది ఏ చానల్ తిప్పినా వచ్చేది.

ఇంత ఆనందం ఇస్తున్నా కొందరికి అరగలేదు. వాళ్ల కోసం ఒక వైద్యం కనిపెట్టారు. పేరు 'వైఖరి సరిదిద్దడం'. విలేకరులు, పంతుళ్లు, రాజకీయ నాయకులు ఎవరి వైఖరి ఒంకరగా కనిపించినా సైనిక శిబిరానికి పిలిచి, కొన్నాళ్లు ఉంచుకుని, ఇకపై నోరు అదుపులో పెట్టుకుంటానని సంతకం చేయించి పంపేవాళ్లు. నిరసన గుర్తుగా మూడు వేళ్లు పైకెత్తినా వైఖరే. అదే నిరసనతో నడిబజారులో శాండ్‌విచ్ తిన్నా వైఖరే. శాండ్‌విచ్‌తో రాజ్యాలు కూలవని మనం అనుకుంటాం. సైన్యాధిపతి అనుభవం వేరు.

ఇక ఎన్నికలు. మన కిరాణా కొట్లలో 'నేడు నగదు, రేపు అరువు' అని ఒక బోర్డు వేలాడుతుంది, చూశారా? ఆ బోర్డు రాసినవాడు అబద్ధం చెప్పలేదు. ఏ రోజు వెళ్లి చదివినా అందులో ఉన్నది నిజమే. జనరల్ గారి ఎన్నికల తేదీ సరిగ్గా అలాంటి నిజం. 2015 అన్నారు. 2016 అన్నారు. 2017, ఆ తర్వాత 2018. చివరికి 2019 ఫిబ్రవరి 24 అని ఖాయం చేసి, దాన్నీ ఒక నెల జరిపి మార్చి 24న పెట్టారు. పెట్టారా లేదా?

ఈలోగా 2017 డిసెంబరులో ఒక చిన్న ప్రమాదం జరిగింది. కొత్త మంత్రివర్గం గ్రూప్ ఫొటోకు నిలబడింది. ఎండ కొడుతోంది. ఉప ప్రధాని ప్రవిత్ వోంగ్‌సువాన్ గారు, ఈయనా మాజీ సైన్యాధిపతే, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చొక్కా చెయ్యి జారింది. మణికట్టు మీద ఆస్తుల చిట్టాలో లేని ఖరీదైన గడియారం తళుక్కుమంది. పాత ఫొటోలు తిరగేస్తే ఇరవైకి పైగా గడియారాలు తేలాయి. అవన్నీ ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నవట. ఆ స్నేహితుడు చనిపోయాడట. అవినీతి నిరోధక కమిషన్ ఏడాదిపాటు పరిశీలించి, నిజమే, అరువే అంది. జనాన్ని టైమ్ అడుగుతూ వచ్చిన ప్రభుత్వం దగ్గర ఇంత టైమ్ నిల్వ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ గడియారం తళుక్కుమన్న మరుసటి నెలలోనే, 2018 జనవరిలో, జనరల్ గారు తాను ఇక సైనికుణ్ణి కాదని, ఒకప్పుడు సైనికుడిగా ఉన్న రాజకీయ నాయకుణ్ణని ప్రకటించారు. రాజకీయ నాయకుడన్నాక విలేకరులకు జవాబు చెప్పాలి కదా. వారం తిరక్కుండానే తన నిలువెత్తు అట్టబొమ్మను మైకు ముందు పెట్టించి, రాజకీయాల గురించి ఏమైనా ఉంటే ఈయన్ని అడగండి అని చెప్పి వెళ్లిపోయారు. నన్నడిగితే అట్టబొమ్మే నయం. 2021లో ఇలాగే మంత్రివర్గం గురించి ఏదో అడిగితే, స్వయంగా దిగివచ్చి ముందు వరుస విలేకరుల మీద శానిటైజర్ కొట్టారు.

ఎన్నికల్లో ఆయన్ని ప్రధానిగా నిలబెట్టిన పార్టీకి 500లో 116 సీట్లొచ్చాయి. రెండో స్థానం. మామూలు నాయకుడైతే దిగులుతో మంచం పట్టేవాడు. ఈయనకు టెన్షన్ లేదు. ఎందుకంటే అప్పట్లో ప్రధానిని ఎన్నుకునేది ఆ 500 మందే కాదు, ఆయన పాలకమండలి ఏరి కూర్చోబెట్టిన 250 మంది సెనేటర్లు కూడా. అందులో ఆయన సొంత తమ్ముడూ ఉన్నారు. ఓటేసిన 249 మందీ ఆయనకే వేశారు, ఒక్క సెనేట్ అధ్యక్షుడు మాత్రం తటస్థంగా ఉన్నారు. నిష్పక్షపాతం అంటే అదీ.

ప్రమాణ స్వీకారంలో రాజ్యాంగాన్ని కాపాడతాననే చివరి వాక్యం చదవకుండా వదిలేశారని గోల చేశారు కొందరు. ముందే ఒక రాజ్యాంగాన్ని రద్దు చేసిన మనిషి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడం నిజాయితీ కాదా? సైన్యం నుంచి రిటైరై ఆరేళ్లయినా ఆర్మీ క్వార్టర్స్‌లోనే ఉంటున్నారని మరో కేసు. ఉండొచ్చని 2020లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.

అసలు తమాషా 2022లో. ప్రధానిగా ఎవరైనా ఎనిమిదేళ్లకు మించి ఉండకూడదని ఆయన హయాంలో రాసుకున్న రాజ్యాంగమే చెబుతోంది. 2014 ఆగస్టులో ప్రధాని కుర్చీ ఎక్కిన మనిషికి 2022 ఆగస్టుతో సరి. ఇది మామూలు వేళ్ల లెక్క. కోర్టు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది. ఆ ఐదు వారాలూ ప్రధాని బాధ్యతలు చూసింది ఎవరనుకున్నారు? గడియారాల ప్రవిత్ గారే. సెప్టెంబరు 30న ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి తీర్పు వచ్చింది: కొత్త రాజ్యాంగం వచ్చింది 2017 ఏప్రిల్ 6న కాబట్టి, లెక్క అక్కడి నుంచే. మూఢంలో చేసిన పెళ్లి పెళ్లి కాదన్నట్టు, అంతకుముందు రెండున్నరేళ్లకు పైగా ఏలిన ఏలుబడి లెక్కలోకి రాదు. ఆ రోజుల్లో శిబిరాలకు వెళ్లొచ్చినవాళ్లు మాత్రం ఆ రోజుల్ని లెక్కేసుకునే ఉంటారు.

2023 మే ఎన్నికల్లో ఆయన కొత్త పార్టీకి 36 సీట్లొచ్చాయి. జులై 11న రాజకీయాలకు సెలవన్నారు. కొత్త ప్రధాని ఇంకా కుదరలేదు కాబట్టి సెలవు చెప్పాక కూడా ఆగస్టు దాకా కుర్చీలోనే కొంచెం టైమ్ గడిపారు. నవంబరులో రాజుగారు ఆయన్ని ఆంతరంగిక సలహా మండలిలోకి తీసుకున్నారు. ఆ పదవికి ఎనిమిదేళ్ల నిబంధన లేదు.