తప్పంతా కార్మికుడిదేనా?

ఫ్యాక్టరీ ప్రమాదాలకు కార్మికుల నిర్లక్ష్యమే ముఖ్య కారణమని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. విశాఖలో గాజువాక వైపు ఫ్యాక్టరీ షెడ్లలో ఎత్తు మీద పనిచేసేవాళ్లు సేఫ్టీ బెల్టు కట్టుకునే ఉంటారు, దాని కొక్కెం మాత్రం వేలాడుతుంటుంది. తగిలించడానికి దగ్గర్లో లైఫ్‌లైన్ (జారితే పడిపోకుండా ఆపే తాడు) ఉండదు మరి. పైగా కింద నుంచి సూపర్‌వైజర్ 'రెండు నిమిషాల పనే కదా, కానివ్వండి' అంటుంటాడు. (మన వైజాగ్ ఉక్కపోతలో హెల్మెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు!)

2020 మే 7న ఇక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు కూడా లేదంది. మొదటిది అక్కడున్న మనుషుల తప్పే అనుకుందాం. రెండోదాన్ని ఏ ఆపరేటర్ ఖాతాలో వేస్తారు? డబుల్ డ్యూటీ చేసి నైట్ షిఫ్టులో కునుకు తీసినవాడికి మెమో ఇస్తారు సరే, ఆ డ్యూటీ వేసినవాళ్లకు ఎవరిస్తారండీ?