తలకట్టు చూసి ఊరు చెప్పే పిల్ల

పోయిన డిసెంబర్ సెలవల్లో ఇండియా వెళ్ళినప్పుడు శంషాబాద్‌లో దిగి గుంటూరు జిల్లాలో మా ఊరికి కారులో బయల్దేరాం. మా పాపకి పదమూడేళ్ళు, ఇదివరకు వెళ్ళిన రెండు సార్లూ ఈ దారంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోయింది, ఈసారి మాత్రం అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. చౌటుప్పల్ దాటామో లేదో "నాన్నా, ఆ రాయికి పైన పసుపు రంగుంది చూడు, అంటే ఇది నేషనల్ హైవే" అంది. హైవే దిగి మా ఊరి వైపు తిరిగాక ఆకుపచ్చ రంగేసిన రాయి కనపడగానే "ఇప్పుడు స్టేట్ హైవే" అంది. ఆ రోడ్ల మీద ఇరవై ఏళ్ళు ఆర్టీసీ బస్సుల్లో తిరిగాను నేను, ఆ రంగులకి ఒక లెక్క ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

పాపకి అది నేర్పింది జియోగెసర్ అనే గేమ్. స్వీడన్‌లో 2013లో మొదలైంది. గూగుల్ స్ట్రీట్ వ్యూలో, అంటే గూగుల్ వాళ్ళు రోడ్ల వెంట తీసి పెట్టిన ఫొటోల్లో, ఏదో ఒక దేశంలో ఏదో ఒక రోడ్డు మీద మనల్ని వదిలేస్తుంది, ఊరి పేరు చెప్పదు, చుట్టూ చూసుకుని ప్రపంచ పటం మీద ఎక్కడున్నామో పిన్ను పెట్టాలి, ఎంత దగ్గరగా పెడితే అంత ఎక్కువ పాయింట్లు, ఒక రౌండుకి 5000 దాకా వస్తాయి. బండ్లు ఎడమ పక్క నడుస్తున్నాయా కుడి పక్కా, కరెంటు స్తంభం గుండ్రంగా ఉందా పలకలుగా ఉందా, మట్టి ఏ రంగు, మధ్యాహ్నం ఎండ ఉత్తరం నుంచి పడుతోందా దక్షిణం నుంచా, ఇవన్నీ చూస్తారు ఈ పిల్లలు. మా దగ్గర ఎర్ర చెలక, నల్ల రేగడి అని మా నాన్న పొలం గట్టు మీద నిలబడి చెప్పే మాటే, వీళ్ళు స్క్రీన్ మీద చూసి చెప్తున్నారు.

ఇండియా వచ్చిందంటే ముందు బోర్డుల మీద లిపి చూడాలి. 2022 జూలైలో స్ట్రీట్ వ్యూ మన దేశంలో పది ఊళ్ళతో మళ్ళీ మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ కూడా ఉంది, కాబట్టి తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం ఈ ఆటలో పనికొచ్చే విద్య. తెలుగుకీ కన్నడకీ తేడా ఎలా అంటే, తెలుగులో తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడలో అడ్డంగా సాగి కొసన వంపు తిరుగుతుంది. తెలుగు ఒక్క ముక్క చదవలేని వాళ్ళు కూడా ఈ టిక్కు చూసి ఆంధ్రా, తెలంగాణా వైపు పిన్ను పెడుతున్నారంట. మా పాప మూడేళ్ళు వారం వారం తెలుగు క్లాసుకి వెళ్ళి గుణింతాలు రాసి రాసి విసుగొచ్చి మానేసింది, అదే పిల్ల ఒక రాత్రి నా దగ్గరికొచ్చి "నాన్నా, జ, ట, ణ, బ, ల, వీటికి టిక్కు ఎందుకు లేదు" అని అడిగింది. పదిహేనేళ్ళు తెలుగు మీడియంలో చదివి నేనెప్పుడూ అడగని ప్రశ్న అది. నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

గేమ్ ఆపేశాక కూడా అది కళ్ళల్లో ఉండిపోతుందనేది కొత్త విషయమేం కాదు. తొంభైల్లో మా ఊళ్ళో తిరనాళ్ళకి చేతిలో పట్టుకుని ఆడే బ్రిక్ గేమ్ అమ్మేవాళ్ళు, అంటే పైనుంచి రాలే ముక్కల్ని సందుల్లేకుండా పేర్చే టెట్రిసే, 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసింది. దాన్ని ఆడిన సెలవల్లో మిల్లులో బస్తాలు పేరుస్తుంటే ఏ సందులో ఏది పడుతుందా అనే కనపడేది, కళ్ళు మూసుకుంటే ముక్కలు రాలుతుండేవి. 2000లో హార్వర్డ్‌లో నిద్ర మీద పరిశోధన చేసే రాబర్ట్ స్టిక్‌గోల్డ్ వాళ్ళు దీన్నే పరీక్షించారు, 27 మందితో టెట్రిస్ ఆడించి నిద్రలోకి జారుకునేటప్పుడు ఏం కనపడుతోందని అడిగితే చాలామంది రాలే ముక్కలే అన్నారు. ఆ 27 మందిలో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఐదుగురు ఉన్నారు, వాళ్ళకి తాము గేమ్ ఆడిన సంగతే గుర్తులేదు, అయినా వాళ్ళల్లో కొందరికి కూడా ఆ ముక్కలు కనపడ్డాయి. మనిషి మర్చిపోయినా చూపు మర్చిపోలేదన్నమాట.

అందుకే మన పార్టీల్లో, పిక్నిక్కుల్లో పేరెంట్స్ కలిస్తే "మావాడు రోజుకి మూడు గంటలు, మీవాడో" అని గంటలు లెక్కపెట్టుకుంటుంటే నాకు బాధేస్తుంది. గంటలు ముఖ్యమే, నిద్ర, చదువు పాడవకూడదు, కాదనను. కానీ ఆ మూడు గంటల్లో వాడి కళ్ళు ఏం చూడ్డానికి అలవాటు పడుతున్నాయో మనం అడగట్లేదు. నేల తవ్వి రాళ్ళ దిమ్మలతో కట్టే మైన్‌క్రాఫ్ట్ గేమ్ ఆడే పిల్లాడు గ్రాండ్ కాన్యన్ లోయకి వెళ్తే రాయి పొరల్ని వేరుగా చూస్తాడు. అదే రోజూ లాగిన్ అయితే ఒక బహుమతి, ఒక్కరోజు తప్పితే అన్నీ పోతాయని భయపెట్టే గేములు ఆడే పిల్లలకి బామ్మతో వీడియో కాల్ కూడా అర్ధరాత్రిలోపు టిక్కు పెట్టాల్సిన ఒక పనిలా కనపడటం మొదలవుతుంది, నేను మా దగ్గరివాళ్ళ ఇంట్లోనే చూశాను. నన్ను భయపెట్టేది తుపాకుల గేముల కంటే ఇవే.

ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా బంధువుల అబ్బాయి ఒకడు అందులో పడ్డాక పెళ్ళిలో భోజనానికి కూర్చుని కూడా తర్వాతి ఆటే చూస్తున్నట్టుండేవాడు, ఎదురుగా ఉన్న మనిషి కనపడేవాడు కాదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో, దేశమంతటికీ 2025లో దీన్ని ఆపడానికి చట్టాలు చేశారు, మంచి పని. కానీ చట్టం యాప్‌ని ఆపుతుంది, చూపు మళ్ళీ మామూలు కావడానికి మాత్రం ఇంట్లో మనుషులు పక్కన కూర్చోవాలి.

నేను అడిగేది కూడా ఇంతే, వారానికి ఒక అరగంట పక్కన కూర్చుని "నువ్వేం చూసి అలా చేశావు, నాకు చెప్పు" అని అడగండి. మొదటి రోజు విసుక్కుంటారు, రెండో రోజు చెప్తారు. మా పాప చెప్పడం మొదలెట్టాక ఆపలేదు, నేను కూడా ఇప్పుడు ఇక్కడ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు స్తంభాలు చూస్తున్నాను.

ఊళ్ళో ఉన్నన్ని రోజులు ధనుర్మాసం. మా అమ్మ తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గేస్తుంది, చుక్కలు పెట్టకముందే ఖాళీ వాకిలి వంక ఒకసారి చూసి "ఇక్కడ పదిహేను పడతాయి" అంటుంది, సరిగ్గా పదిహేనే పడతాయి. పాప మెట్ల మీద కూర్చుని రెండు రోజులు చూసింది, మూడో రోజు "నానమ్మా, నీకు చుక్కలు ముందే కనపడతాయా" అని అడిగింది. "కనపడతాయి తల్లీ, అరవై ఏళ్ళ నుంచి వేస్తున్నాగా" అంది అమ్మ. ఆ మర్నాడు ఇద్దరూ కలిసి ముగ్గు పక్కన పిండితోనే జ, ట, ణ, బ, ల వరసగా రాశారు, తలకట్టు లేకుండా.