దగ్గర నుంచి కొట్టేటప్పుడు జింక తలకాయ జోలికి పోకండి

నిన్న మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. అమెరికాలో ఎవరో ఇరవై గజాల నుంచి జింక తలకి గురిపెట్టి కొట్టాడు. అది నిలుచున్న చోటే కూలిపోయింది. దాని కింద మా వాళ్ళ మెసేజులు: "దెబ్బంటే అదీ!", "ఏటి బావా, నువ్వూ అలగే కొడతావా?" అని. నేను చాలా ఏళ్ళుగా విస్కాన్సిన్‌లో ఉంటున్నాను. నవంబరులో లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తాను. ఇప్పుడు సంక్రాంతికి రాజాం వచ్చాను. గ్రూపులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. లేదు, నేను అలా కొట్టను. కొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందే ఒక మాట. నేను చెప్పేదంతా అక్కడి సంగతి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా కణుజునైనా వేటాడితే జైలే. పాలకొండ కొండల్లోకి నాటు తుపాకి పట్టుకుని వెళ్దామనుకునేవాడు ఎవడైనా ఉంటే ఈ పోస్టు వాడి కోసం కాదు. విస్కాన్సిన్‌లో అయితే పులుల్లాంటివి లేక జింకలు విపరీతంగా పెరుగుతాయి, పొలాలు మేస్తాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి. అందుకని ప్రతి ఏడూ ఎక్కడ ఎన్నిటిని కొట్టవచ్చో రాష్ట్ర ప్రభుత్వమే లెక్క కట్టి పర్మిట్లు ఇస్తుంది. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ పాసయితే తప్ప మామూలు లైసెన్సు ఇవ్వరు. ఆ క్లాసులో తుపాకి భద్రత తర్వాత గట్టిగా చెప్పే విషయం ఇదే, ఎక్కడ కొట్టాలి, ఎప్పుడు కొట్టకుండా ఊరుకోవాలి అని.

ఇక తలకాయ సంగతి. జింక తల పొడుగ్గా కనిపిస్తుంది గానీ లోపల మెదడు పిడికిలంతే. పైగా దాని ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా కదిలేది తలే. చెవి ఆడిస్తుంది, వాసన పడుతుంది, నేల మీది ఆకు అందుకుంటుంది, చటుక్కున వెనక్కి తిరుగుతుంది. మీరు ట్రిగ్గర్ నొక్కే లోపల అది రెండు అంగుళాలు కదిలితే చాలు, తూటా దవడకి తగులుతుంది. దవడ విరిగిన జింక పడిపోదు. పరిగెత్తి పోతుంది. రక్తం పెద్దగా కారదు, జాడ దొరకదు. అది మెయ్యలేదు, నీళ్ళు తాగలేదు. ఏ పొదలోనో రోజుల తరబడి అలా ఉండి చస్తుంది. ఆ వీడియో ఎవడూ పెట్టడు. మీరు చూసేదంతా సరిగ్గా తగిలిన దెబ్బలే.

మెడ కూడా అంతే. వెన్నెముకకి తగిలితే సరే, తగలకపోతే అది గాయంతో పారిపోవడమే.

మరి ఎక్కడ కొట్టాలి? ఆదివారం పొద్దున్న మాంసం కొట్టు దగ్గర మేకను కొయ్యడం చూసినవాళ్ళకి నేను బొమ్మ గీసి చూపించక్కర్లేదు. రెండు ముందు కాళ్ళ మధ్య, బాగా కిందికి గుండె ఉంటుంది. దాన్ని కమ్ముకుని, కొంచెం పైకీ వెనక్కీ రెండు ఊపిరితిత్తులు. వాటి వెనక కార్జం, దాని వెనక పొట్టా పేగులూ. జింకలోనూ ఇదే అమరిక. అది మనకి పూర్తిగా అడ్డంగా నిలబడినప్పుడు ముందు కాలి వెనక గీత పట్టుకుని, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తున కొట్టాలి. అక్కడ ఎనిమిది అంగుళాల వెడల్పు చోటు దొరుకుతుంది. గురి రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా ఊపిరితిత్తులు దాటిపోదు. ఆ దెబ్బకి జింక యాభై, వంద గజాలు పరిగెత్తవచ్చు. పరిగెత్తనివ్వండి. కొన్ని సెకన్లలో పడిపోతుంది. నిలుచున్న చోటే కూలాలన్నది చూసేవాడి సరదా, జింకకి దానితో పని లేదు.

తూటా విషయంలో మనవాళ్ళకే కాదు, అక్కడివాళ్ళకీ పెద్ద అపోహ ఉంది. దగ్గర నుంచి కొట్టడం తేలిక, ఏ తూటా అయినా చాలు అనుకుంటారు. నిజానికి తూటాకి అసలు పరీక్ష దగ్గరే. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే శక్తిమంతమైన రైఫిల్లో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటా గొట్టం నుంచి సెకనుకు 3,200 అడుగుల పైన వేగంతో వస్తుంది. ముప్ఫై గజాల దగ్గర ఆ వేగం దాదాపు తగ్గదు. సీసం మీద పల్చటి రాగి తొడుగున్న మెత్తటి తూటా అంత వేగంతో జబ్బ ఎముకకి తగిలితే పైనే పగిలి ముక్కలైపోతుంది. బయట గుప్పెడంత పుండు, లోపల ఊపిరితిత్తులు క్షేమం. అదే తూటా మూడు వందల గజాల దగ్గర వేగం తగ్గాక చక్కగా పనిచేస్తుంది.

ఇది ఈనాటి గొడవ కాదు. 1946లో కెనడాలో మూస్ అనే భారీ జింక వేటకు వెళ్ళిన జాన్ నోస్లర్ అనే ఆయన తూటాలు ఆ జంతువు భుజంలోకి దిగకుండా పైనే విచ్చుకుపోయాయి. ఆయన ఇంటికొచ్చి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న తూటా తయారు చేశాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం ముక్కలవకుండా లోపలికి పోతుంది. 1948 నుంచి పార్టిషన్ పేరుతో అమ్ముతున్నారు, ఇప్పటికీ దొరుకుతుంది. 1989లో బార్న్స్ కంపెనీ మొత్తం రాగితోనే తూటా తెచ్చింది. సీసాన్ని తొడుగుకి అతికించేసిన బాండెడ్ తూటాలూ ఉన్నాయి. అడవిలో దగ్గర షాట్లు కొట్టేవాడు ఈ మూడింటిలో ఏదో ఒకటి వాడాలి. నేను రాగి వాడతాను. సీసం తూటా పగిలితే కంటికి కనపడని రేణువులు గాయం చుట్టూ మాంసంలోకి చాలా దూరం పోతాయి. ఆ మాంసం మా ఇంట్లో పిల్లలు తింటారు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధం. అన్ని రాష్ట్రాలూ అదే పని చెయ్యాలని నా కోరిక.

అసలు విచ్చుకోని మిలిటరీ తూటా ఇంకో చివర. సన్నటి బెజ్జం పెట్టి అటు నుంచి ఇటు పోతుంది, జింక గాయంతో మైళ్ళ దూరం పోతుంది. చాలా రాష్ట్రాల్లో జింకల వేటకి దాన్ని నిషేధించింది అందుకే.

మొదట్లో ఒక తుపాకుల షాపులో సేల్స్‌మన్ నాకు మ్యాగ్నమ్ అంటగట్టాలని చూశాడు. పెద్ద తుపాకి అయితే తప్పు దెబ్బ కూడా పని చేస్తుందన్నాడు. ఎంత పెద్ద తూటా అయినా పేగుల్లో తగిలితే పేగుల దెబ్బే. పైగా ఆ తన్నుకి భుజం అదిరి, తర్వాతి సారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాం. 1895 నాటి .30-30 రైఫిల్లో 170 గ్రెయిన్ల తూటా 2,200 అడుగుల వేగంతోనే వెళ్తుంది. చిక్కటి అడవిలో వంద గజాల లోపల నూట పాతికేళ్ళుగా అది జింకలను కొడుతూనే ఉంది.

అన్నిటికన్నా కష్టమైనది కోణం. జింక మనకి కొంచెం అటు తిరిగి ఉంటే అవతలి జబ్బని ఊహించుకుని దాని వైపు కొట్టాలి, అప్పుడు పక్కటెముకల వెనక నుంచి దూరినా తూటా ఊపిరితిత్తుల్లోంచి పోతుంది. చెట్టు మీద మంచె నుంచి కిందికి కొట్టేటప్పుడు ఎక్కడ దూరుతుందో కాదు, ఎక్కడ బయటికి వస్తుందో చూసుకోవాలి. లేకపోతే ఒక్క ఊపిరితిత్తే తెగుతుంది, అలాంటి జింక చాలా దూరం పోతుంది. మనకి ఎదురుగా నిలబడినా, వెనక చూపిస్తూ నిలబడినా తుపాకి దించెయ్యాలి. తిరిగితే కొడతాం, తిరక్కపోతే పోనిస్తాం.

విజయనగరం వాళ్ళం మనకి విజ్జీ కథలు చిన్నప్పటి నుంచీ వినిపిస్తారు. 1936లో ఇంగ్లండ్ టూర్‌కి భారత క్రికెట్ జట్టు కెప్టెన్‌గా వెళ్ళిన ఆ మహారాజకుమారుడే. వందల పులులను కొట్టానని చెప్పుకునేవారు. వేట అంటే లెక్క అనే ఆలోచన మనకి అక్కడి నుంచే వచ్చిందేమో. ఎన్ని కొట్టావని అడుగుతారు గానీ ఎన్నిటిని వదిలేశావని ఇక్కడ నన్ను ఒక్కరూ అడగలేదు.

కొట్టిన తర్వాత పని కూడా ఉంది. వెంటనే వెంట పడకూడదు. అరగంట కదలకుండా కూర్చోవాలి. తర్వాత అది నిలబడిన చోటికి వెళ్ళి నేల చూడాలి. లేత ఎరుపు రంగులో నురగతో రక్తం ఉంటే ఊపిరితిత్తులు, దగ్గరలోనే పడి ఉంటుంది. నల్లటి చిక్కటి రక్తమైతే కార్జం, ఇంకా కొన్ని గంటలు ఆగాలి. పచ్చగా, నమిలిన ఆకు ముక్కలతో, వాసనతో ఉంటే పేగులు. అప్పుడు ఆరేడు గంటలైనా ఆగాలి, లేకపోతే పడుకున్నది లేచి ఇంకో అడవిలోకి పోతుంది. ఆ తర్వాత అది దొరికేదాకా వెతకాలి. చీకటి పడింది, చలేస్తోంది అని వదిలేసి వచ్చేవాడికి మళ్ళీ లైసెన్సు ఇవ్వకూడదంటాను నేను.

మా చిన్నాన్న కొడుకు ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. "అన్నయ్యా, వెళ్ళగానే ఏ రైఫిల్ కొనుక్కోమంటావు?" అని అడిగాడు. తమ్ముడూ, వెళ్ళగానే ఏదీ కొనొద్దు. స్టూడెంట్ వీసా, హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రైఫిల్. అప్పుడు .308 తీసుకో, 150 గ్రెయిన్ల రాగి తూటా వాడు. మొదటి సీజన్ తెలిసినవాళ్ళ పక్కన ఖాళీ చేతులతో కూర్చో.