డప్పు కొట్టండి, సౌండ్ మాత్రం రానీయకండి

మా అంబర్‌పేట అపార్ట్‌మెంట్ బోనాల కమిటీలో నేను సాంస్కృతిక విభాగం కన్వీనర్‌ని, అంటే టెంటు వాడికి ఫోన్ చేసేవాణ్ణి. ఆ హోదాలో చాలా బాధతో రాస్తున్నా. ఈ డప్పు కళాకారులకి సిటీ పద్ధతులు బొత్తిగా తెలియట్లేదు.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు బంద్ అన్నారు. ఆ మర్నాటి నుంచే మావాళ్లకి జానపద కళల మీద ప్రేమ తన్నుకొచ్చింది, 2014లో బోనాల్ని రాష్ట్ర పండగ చేసినప్పుడు కూడా ఇంత ప్రేమ నేను చూళ్లేదు. డీజేకి నలభై వేలు కిక్కురుమనకుండా ఇచ్చినోళ్లే, పదిమంది డప్పులోళ్లు కలిపి పదిహేను వేలు అడిగితే "ఇద్దరు కొట్టకుండా ఊరికే నిలబడితే ఎంతకొస్తారు" అని బేరం పెట్టారు.

సరే వచ్చారు. ఆషాఢం కదా, పొద్దున్నుంచి తుంపర. డప్పుకుండేది మేకతోలు, తేమ తగిలితే మెత్తబడిపోద్ది, కొడితే పరుపు దులిపినట్టు బొద్ బొద్ మంటది. టీమ్‌లో పెద్దాయన తోలు మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "సార్, జర మంట ఏసుకోనియ్యిండ్రి, కాగితేనే మోగుతది" అన్నాడు. పార్కింగ్‌లో మంటా! సెక్యూరిటీ పరుగెత్తుకొచ్చాడు. సెక్రటరీగారు మాత్రం విశాల హృదయంతో వాళ్లావిడ హెయిర్ డ్రయ్యర్ తెప్పించారు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "గిది ఎంటికలకు గద సార్" అన్నాడు. టెక్నాలజీని స్వీకరించే గుణం లేకపోతే కళలు ఎలా బతుకుతాయి చెప్పండి.

చివరికి గేటు బయట కొరియర్ అట్టపెట్టెలు తగలేసి కాచుకున్నారు. టిఫిన్ కూడా అక్కడే పెట్టాం, పేపర్ ప్లేట్లలో. లోపల బఫే ఉంది కానీ అది రెసిడెంట్స్‌కి. వివక్ష అని ఎవరో గొణిగారు, ఛ, అదేం లేదండీ, లాజిస్టిక్స్.

ఇక మొదలెట్టారు చూడండి. ఎడమ చేతిలో సన్నటి చిటికెన పుల్ల, కుడి చేతిలో పొట్టి సిర్ర, పదిమందీ ఒక్కసారి దెబ్బేసేసరికి పార్కింగ్‌లో రెండు కార్లు కుయ్యోమన్నాయి. మూడో ఫ్లోర్ అంకుల్ డెసిబెల్ యాప్‌తో దిగాడు. నివాస ప్రాంతంలో పగలు 55 దాటకూడదని రూలు. (ఆయన కుక్కకి ఆ రూలు వర్తించదు, అది ఫ్యామిలీ మెంబర్.) "తీన్మార్ అంటే మూడు దెబ్బలే కదా, సొసైటీ కోసం ఒకటి తగ్గించుకోలేరా?" అన్నాడు. పక్కనున్నాయనకి ఇంకో డౌటు, అసలీ తీన్మార్ మన కల్చరేనా అని. నిజాం కాలంలో సైన్యంలో చేరిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ నుంచొచ్చిన చావుష్‌లు వాయించిన మర్ఫా అనే వాద్యం దరువే ఈ తీన్మార్, అది పెళ్లి బారాత్‌ల నుంచి గణేష్ నిమజ్జనం దాకా పాకిపోయింది, ఆ లెక్కన ఈ సిటీలో మా అందరికన్నా సీనియర్ రెసిడెంట్ అదే, కాకపోతే మెయింటెనెన్స్ కట్టదు.

ఇంతలో బోనం ఎత్తుకున్న అమ్మాయిలు నడక మొదలెట్టారు, దరువు వేగం పెరిగింది, డెసిబెల్ అంకుల్ కాళ్లు ఆయన మాట వినడం మానేశాయి. ఫోన్ పైకెత్తి రీడింగ్ చూసుకుంటూనే భుజాలు ఎగరేశాడు, ఆ ఊపులో ఫోన్ జారి వేపాకుల నీళ్ల బిందెలో పడింది. రీడింగ్ ఎంతొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

అయినా రికార్డు కోసం కమిటీ తీర్మానాలు రెండు రాసుకున్నాం. గేటు ముందు టైల్స్ నల్లబడ్డందుకు డప్పులోళ్ల డబ్బుల్లో అయిదొందలు కోత. వచ్చే ఏడాది నుంచి తోలు ఇంటి దగ్గరే కాచుకుని, ఆ వేడి చల్లారకుండా ఫ్లాస్కులో తెచ్చుకోవాలి.