ములక్కాడల అవ్వ, చిల్లంగి ఫార్వర్డు

వారం రోజులుగా మా రాజాం వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్. చిల్లంగి, అదే చేతబడి, నిజమట, నిజం కాబట్టే ప్రభుత్వాలు దాని మీద చట్టాలు చేశాయట. విదేశాల్లో 90 లక్షల మంది మంత్రగత్తెల్ని కాల్చేశారట, వాళ్ళే కోర్టుల్లో ఒప్పుకున్నారట. డాక్టర్లకు అంతుపట్టని జ్వరమంటే చిల్లంగేనట. ఊరంతా ఒకరి పేరే చెబితే, నిప్పు లేనిదే పొగ రాదట.

చట్టం సంగతి ముందు. పక్కనున్న ఒడిశా 2013లో తెచ్చిన చట్టం ముఖ్యంగా శిక్షించేది ఒక ఆడమనిషికి మంత్రగత్తె అన్న పేరు అంటగట్టి వేధించినవాళ్ళను. బ్రిటన్ అయితే 1735లోనే, నాకు మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడమే నేరమంది.

90 లక్షలు గాలి లెక్క. యూరప్‌లో సుమారు మూడు వందల ఏళ్ళలో 40 నుంచి 60 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. అదేమీ చిన్న సంఖ్య కాదు. ఇంగ్లండులో అయితే కాల్చలేదు, ఉరితీశారు. ఇక ఒప్పుకోలు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు. మంత్రగత్తెనేనని ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్ళు బతికిపోయారు. కాదు మొర్రో అన్నవాళ్ళే ఉరికంబం ఎక్కారు. అలాంటి కోర్టులో ఎవరు మాత్రం ఒప్పుకోరు?

జ్వరానికి డాక్టరు దాకా వెళ్తే కదా అంతుపట్టేదీ లేనిదీ తెలిసేది! ఫాల్సిపారం మలేరియా మెదడుకెక్కితే ఫిట్స్ వస్తాయి, మనిషి ఏదేదో మాట్లాడతాడు. మన ఏజెన్సీకి అది కొత్తా? రక్తపరీక్ష మానేసి ఎజ్జోడి (భూతవైద్యుడి) దగ్గర పోగొట్టుకునే ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెచ్చేవి. (దయ్యాన్ని సీసాలో బంధించానని నమ్మించే గవరయ్యను మన విజయనగరం గురజాడ 'కన్యాశుల్కం'లో ఏనాడో చూపించాడు. ఆ సీసాకి ఇంకా గిరాకీ ఉంది.)

పొగ మాటకొస్తే, మా అమ్మమ్మ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. పిల్లాజెల్లా లేరు. పెరట్లో మునగచెట్టు విరగకాసేది. ములక్కాడలు కట్టగట్టి ఇంటింటికీ ఇచ్చేది. అందరూ నవ్వుతూ పుచ్చుకునేవారు. ఆవిడ వీధి మలుపు తిరిగిందాకా ఆగి, కట్ట విప్పకుండానే పెంటకుప్పలో పారేసేవారు. మా ఇంట్లోనూ అంతే. ఒక్కరోజూ మా పొయ్యి మీదికి ఎక్కలేదు.

మొన్న ఈ ఫార్వర్డు చదివి వినిపించి, "ఇంతకీ ఆ అవ్వ ఎవరికి ఏం చేసిందమ్మమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

"ఏటోరా... మా అత్త ముట్టొద్దనీది."