జుట్టు కూడా లెక్కలోకే వస్తుంది

చికాగోలో జనవరి. అమెరికా వీసా స్టాంపింగుకి హైదరాబాద్ టికెట్ ఉంది, వీసా ఫొటో లేదు. పొద్దున్నే తలకి షాంపూ పెట్టేసి, కండిషనర్ సంగతి రేపు చూద్దాంలే అనుకుని, యాక్రిలిక్ ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని బయల్దేరతాం. మంచు, పార్కింగు, క్యూ, అదంతా వదిలేద్దాం. మందుల షాపులో ఫొటో కౌంటర్ ముందు ఉన్నాం.

కౌంటర్ కుర్రాడు తెల్లతెర ముందు నిలబడమంటాడు. కళ్లజోడు తీయమంటాడు. 2016 నవంబరు నుంచి అది రూలు. తర్వాత టోపీ తీయమంటాడు.

ఇక్కడ కాస్త ఆగాలి.

అప్పటిదాకా ఆ టోపీ తలమీద ఊరికే కూర్చోలేదు. నడిచినంతసేపూ జుట్టుని రుద్దుతూ దాని ఎలక్ట్రాన్లు లాగేసుకుంటూనే ఉంది. రెండూ అతుక్కుని ఉన్నంతవరకు లెక్క బయటపడదు. విడిపోగానే టోపీది రుణావేశం (నెగటివ్ చార్జి), జుట్టుది ధనావేశం (పాజిటివ్ చార్జి). చిటపటమంటూ టోపీ పైకి లేస్తుంటే వెంట్రుకలు, అప్పగింతల వేళ పెళ్లికూతురి వెంటపడ్డ చుట్టాల్లా, దాని వెనకే లేస్తాయి. టోపీ వెళ్లిపోయాక కూడా కిందికి దిగవు. అన్నిటిదీ ఒకటే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఎంత వీలైతే అంత ఎడంగా నిలబడిపోతాయి. పైగా పొద్దున తలంటుకున్న జుట్టు, జిడ్డు బరువు కూడా లేదు.

సర్దుదామని పొడి అరచేత్తో నిమురుతాం. కొన్ని పడుకుంటాయి, కొన్ని చేతికే అంటుకుంటాయి. జేబులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీస్తాం. అది మరీ ఘోరం, ఇంకొన్ని ఎలక్ట్రాన్లు అది లాక్కుంటుంది.

కాకినాడలో ఇదే తల, ఇదే టోపీ అయితే ఏమీ జరగదు. (ఆ ఎండలో ఉన్నిటోపీ పెట్టుకున్నవాణ్ణి జనం చూసే చూపు వేరే సంగతి.) అక్కడి గాలిలో తేమ వెంట్రుకలకి సన్నగా పట్టి, చేరిన ఆవేశాన్ని ఎప్పటికప్పుడు జారవిడుస్తుంది. చికాగోలో బయటి మైనస్ 10 డిగ్రీల గాలిని హీటర్ 21కి వేడిచేస్తే, దాన్లో తేమ 10-12 శాతం దగ్గర ఉంటుంది. ఇంట్లో హ్యూమిడిఫయర్ పెట్టి 40 దగ్గర ఉంచుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. మందుల షాపు వాళ్లు మన జుట్టు కోసం అది పెట్టరు కదా.

ఇక ఫొటో రూలు. రెండంగుళాల చదరం. గడ్డం నుంచి తల పైభాగం దాకా కొలత ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి. ఆ పైభాగంలో జుట్టు కూడా కలుస్తుంది! ఇది రాసినవాడికి బట్టతలైనా ఉండాలి, గాలిలో తేమకి కరువులేని మయామీలోనైనా ఉండాలి. జుట్టు అయిదు సెంటీమీటర్లు పైకి లేచిందంటే, దాన్ని ఆ లెక్కలో ఇరికించడానికి ముఖాన్ని దాదాపు అయిదో వంతు కుదించాలి. వెనక తెల్లతెర, మనది నల్లజుట్టు. ఒక్కో వెంట్రుకా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

అప్పటికప్పుడు చేయగలిగింది ఉంది. హ్యాండ్ క్రీమ్ బఠాణీగింజలో సగం తీసుకుని, అరచేతుల్లో మెరుపు పోయేదాకా రుద్ది, ఆ తర్వాత తలమీద తేలిగ్గా అద్దాలి. తడిచేత్తో నిమిరినా అణుగుతుంది కానీ, ఆ పొడిగాలికి నీళ్లు నిమిషాల్లో ఆరిపోతాయి, ఆ లోపే కెమెరా నొక్కించుకోవాలి. లోహపు దువ్వెన ఉంటే ఇంకా నయం, పట్టుకున్న చేతి మీదుగా ఆవేశం దిగిపోతుంది. బట్టలు ఇలా చిటపటమనకుండా డ్రయర్‌లో వేసే షీటుని ముందే టోపీ లోపల రుద్ది ఉండాల్సింది. కొబ్బరినూనె మూడు చుక్కలు కూడా పనిచేస్తుంది, 21 డిగ్రీల ఇంట్లో అది సీసాలో గడ్డకట్టి కూర్చుంటుంది గానీ. ఎక్కువ పూస్తే ఫ్లాష్‌కి నెత్తి మెరుస్తుంది, దానికీ ఏదో రూలు తీస్తారు.

అసలు మందు మాత్రం పొద్దున వదిలేసిన ఆ కండిషనరే. దాన్లో ధనావేశపు అణువులుంటాయి. తడిజుట్టుకి అతుక్కుని, కడిగినా పల్చటి పొరగా మిగిలి, రాపిడి తగ్గిస్తాయి, కాస్త తేమ పట్టి ఉంచుతాయి. పొట్టి జుట్టుకి చెంచాడు, రెండు నిమిషాలు.

ఇవేవీ చెప్పకుండా కుర్రాడు క్లిక్‌మనిపిస్తాడు. కంప్యూటర్ తెరమీద నెత్తి దగ్గర ఎర్రగీత. ‘ఫెయిల్’ అంటాడు, తల కూడా ఎత్తకుండా. మళ్లీ తీయమంటే, ప్రింటు వచ్చేసింది కాబట్టి దీనికి డబ్బు కట్టి ఇంకోటి ఆర్డరు చేసుకోమంటాడు.